మంచి పుస్తకం చెప్పమన్నవాళ్ళు

పుస్తకాల షాపులో పనిచేసేవాళ్ళు రోజంతా ఫ్యాను కింద కూర్చుని చదువుకుంటారని చాలామంది అనుకుంటారు. మా ఆడపడుచు ఇప్పటికీ అలాగే అనుకుంటుంది. నేను రిటైరయ్యానని తెలిసి, "నీకేం వదినా, ఇన్నాళ్ళూ హాయిగా చదువుకున్నావు" అంది. నా మోకాళ్ళ సంగతి ఆవిడకేం తెలుసు.

రాజమండ్రి మెయిన్ రోడ్డు దగ్గర్లో ఒక పుస్తకాల షాపులో పెళ్ళయిన కొత్తలో చేరాను, జుట్టు నెరిసేదాకా ఉన్నాను. షాపు పేరు రాయను. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళకి అవసరం లేదు. ఈమధ్య అక్కడ కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, "పని ఎలా చెయ్యాలో చెప్పండి మేడమ్" అని అడిగారు. బిల్లు కొట్టడం, స్టాకు ఎక్కించడం వాళ్ళకి నాకంటే బాగా వచ్చు. వాళ్ళకి తెలియనిదల్లా "ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అంటూ వచ్చే మనిషితో ఏం చెయ్యాలో. ఆ ఒక్క పని గురించే రాస్తున్నాను. తియ్యటి మాటలు ఉంటాయని చదివేవాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు.

మూర్తిగారి పద్ధతి

మా ఓనరు మూర్తిగారు. మనిషి పిసినారి. మధ్యాహ్నం పూట ఎవరూ లేకపోయినా మమ్మల్ని స్టూలు మీద కూర్చోనిచ్చేవారు కాదు. కస్టమర్ల ముందే కేకలేసేవారు. ఈ రెండూ ఆయన పోయాక కూడా నేను క్షమించలేదు. కానీ పుస్తకం చెప్పే విద్య మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మా షాపులో చదవని పుస్తకం బాగుందని చెప్పకూడదు. అది ఆయన పెట్టిన నియమం. కొత్త నవల వస్తే ఒక కాపీ మాలో ఎవరో ఒకరం ఇంటికి తీసుకెళ్ళాలి. తిరిగి తెచ్చినప్పుడు నలగకూడదు. నలక్కుండా నవల చదవడం ఎంత కష్టమో చంటిపిల్లలున్న ఇంట్లో చదివి చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే ఆయన కౌంటరు దగ్గర నిలబెట్టి, "ఎక్కడ విసుగొచ్చింది?" అని అడిగేవారు. ఎక్కడా రాలేదంటే మనం చదవలేదని ఆయన లెక్క.

బొమ్మల పుస్తకాలకి ఇంకో పద్ధతి. అవి పైకి చదివి చూడాలి. షాపుకి ఏ పిల్లలొస్తే వాళ్ళని కూర్చోబెట్టి ఆయనే స్వయంగా చదివేవారు. ఇలా చదివేటప్పుడు మాత్రం ఆయన నేల మీద కూర్చునేవారు. పేజీ తిప్పబోతుంటే పిల్ల చెయ్యి అడ్డుపెట్టి ఆపిందంటే ఆ పుస్తకం ముందు వరసలోకి వచ్చేది. "పుస్తకం మూసి చేతికివ్వకు వరలక్ష్మీ, తెరిచి ఇవ్వు. మూసి ఇస్తే వెనక రేటు చూస్తారు" అనేవారు నాతో. నేను ఆఖరి రోజు దాకా తెరిచే ఇచ్చాను. ఇప్పుడు తెరిచిన పేజీని, అట్టనీ ఫోన్లో ఫోటో తీసుకుని, బయటికెళ్ళి ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టుకుంటున్నారు. పుస్తకం చెప్పేది మేము, అమ్మేది ఆన్‌లైన్‌వాళ్ళు.

ఈ కాలం నవల

నవల అడిగేవాళ్ళని మీకు నచ్చిన పుస్తకమేది అని ఎప్పుడూ అడక్కండి. అబద్ధం చెబుతారు. గొప్పదని పదిమందీ అన్న పుస్తకం పేరు చెబుతారు. సగంలో వదిలేసిన పుస్తకం ఏదని అడగండి. అక్కడ మనిషి నిజం మాట్లాడతాడు. నేను సగం కస్టమర్లని ఆ ఒక్క ప్రశ్నతోనే పట్టుకున్నాను.

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన ఒకాయన వచ్చేవారు. "అన్నీ పాతవే చదివాను. ఈ కాలం జీవితం ఉన్న నవల కావాలమ్మా. ఉన్నదున్నట్టు రాసుండాలి" అన్నారు. భర్తని వదిలేసి, చిన్న గది అద్దెకి తీసుకుని ఉద్యోగం చేసుకుంటున్న ఒక నర్సు కథ అప్పుడే వచ్చింది. రాసినావిడ కొత్త రచయిత్రి. ఎక్కడా ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. నేను చదివి రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. అది తెరిచి ఆయన చేతిలో పెట్టాను.

వారం తిరక్కుండా వెనక్కి తెచ్చారు. "ఏంటమ్మా ఇది. ఇలాంటి ఆడవాళ్ళు మన వైపు ఎక్కడుంటారు?" అన్నారు. ఆయన పెద్దమ్మాయి అప్పటికి ఎన్నాళ్ళుగానో పుట్టింట్లోనే ఉంటోందని వీధి వీధంతటికీ తెలుసు. నాకూ తెలుసు. పుస్తకం తీసుకుని లోపల పెట్టేశాను. తర్వాత ఆ అమ్మాయి వచ్చి అదే నవల అడిగి కొనుక్కుంది. "నాన్నగారికి చెప్పకండి" అంది. ఆ ఇంట్లో ఆ పుస్తకం కావలసిన మనిషి ఆవిడేనని నాకు ముందే తట్టాల్సింది.

మంచి పుస్తకం చెప్పండి అని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి తాము అనుకుంటున్నది సరైనదేనని చెప్పే పుస్తకం కావాలి. ఈ మాట నేను కోపంతో రాయడం లేదు. కోపం ఎప్పుడో పోయింది. విసుగు మిగిలింది.

రచయితల గురించి కూడా ఒక ముక్క. వాళ్ళలో మంచివాళ్ళున్నారు, కాకపోతే వాళ్ళు షాపుకి రారు. వచ్చేవాళ్ళు తమ పుస్తకాన్ని ఎవరూ చూడనప్పుడు తీసి పై వరసలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఒకాయన పెట్టేవారు, నేను తీసేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఈ వ్యవహారం ఏళ్ళ తరబడి నడిచింది, ఒక్కనాడూ ఎవరం బయటపడలేదు.

డబ్బిచ్చేది ఒకరు, చూసేది ఇంకొకరు

బొమ్మల పుస్తకం కొనే మనిషి అది చదవడు. ఈ వ్యాపారంలో తిరకాసంతా అక్కడే ఉంది. పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడే. ఇందులో నీతి ఏంటి, మాటలు ఇంత తక్కువున్నాయేంటి, ఇంగ్లీషు వస్తుందా. అసలు మాటలే లేని పుస్తకం చూపిస్తే, "మరి ఏం చదవాలండి?" అని నిలదీసేవాళ్ళు. పిల్లవాడు మాత్రం ఈలోపు ఆ పుస్తకంలో ఏనుగు తోక వెనక దాక్కున్న చీమని పట్టుకుని ఉండేవాడు. వాణ్ణి లేవదీసి, ఎక్కాల పుస్తకం కొనిచ్చి తీసుకెళ్ళేవాళ్ళు.

మా వైపు ఇంకో రకం కొనుగోలు ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, వాళ్ళ పేరు మీద ఊరి బడిలో పుస్తకాలు పంచుతారు. పంచే ప్రతి పుస్తకంలో అట్ట లోపలి వైపు, పోయినవాళ్ళ ఫోటో, కింద "జ్ఞాపకార్థం" అని పేరు వేసిన చీటీ ఉండాలి. ఆ చీటీలు అచ్చేయించడం, అంటించడం షాపు పనే. మైదా జిగురు కలుపుకుని నేనెన్ని వందల ముసలివాళ్ళ ముఖాలు అంటించి ఉంటానో. ఇది మంచి ఆచారమనే ఇప్పటికీ అంటాను. ఈ వంకన అయినా ఊళ్ళలోకి పుస్తకాలు వెళ్ళాయి.

ఇప్పుడు చెప్పబోయేది అలా వెళ్ళి, తిరిగొచ్చిన ఒక పుస్తకం సంగతి.

మంగాయమ్మగారి జ్ఞాపకార్థం

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. అక్కడి పెద్ద రైతు వెంకటరత్నంగారు. కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు ఉన్నాయి. తల్లి మంగాయమ్మగారు పోయి ఏడాది కావొస్తుంటే, సంవత్సరీకం రోజున ఊరి బడి పిల్లలకి పుస్తకాలివ్వాలని మా షాపుకి వచ్చారు. మర్యాదస్తుడు. నన్ను "వరలక్ష్మిగారూ" అనే పిలిచారు.

"మీరే చూసి మంచివి ఇవ్వండి. మా అమ్మకి చదువు రాదండి, కానీ బొమ్మలంటే మహా ఇష్టం. క్యాలెండరు బొమ్మలన్నీ దాచుకునేది. పిల్లలకి బొమ్మల పుస్తకమే ఇద్దాం" అన్నారు.

ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. నీతి ఏంటని అడగని దాత ఆయనొక్కరే. ఆ బడిలో ఎలాంటి పిల్లలుంటారని అడిగాను. సగం మంది ఊళ్ళో రైతుల పిల్లలనీ, సగం మంది జాలరిపేట నుంచి వస్తారనీ చెప్పారు. అది విన్నాక ఏ పుస్తకం ఇవ్వాలో నేను వెతుక్కోలేదు.

అప్పుడే వచ్చిన పుస్తకం అది. ఒక పిల్ల, వాళ్ళ అమ్మమ్మ. అమ్మమ్మ రేవులో చేపలు కొంటుంది, ఇసకలో ఎండబెడుతుంది, తట్టకెత్తుకుని ఊళ్ళమ్మట తిరుగుతుంది. పిల్ల వెనకే నడుస్తుంది. చేపల వాసనొస్తోందని బస్సువాడు ఎక్కించుకోడు. ఇద్దరూ నడిచే ఇంటికొస్తారు. ఆఖరి పేజీలో మాటల్లేవు, పిల్ల వల మీద పడుకుని నిద్రపోతుంటుంది. మూర్తిగారు దాన్ని షాపులో ఒక పాపకి చదివి వినిపించినప్పుడు, ఆ ఆఖరి పేజీ అయ్యాక ఆయనే మళ్ళీ మొదటి పేజీకి తిప్పారు. దాన్ని ముందు వరసలో పెట్టమన్నదీ ఆయనే.

చీటీలు నేనే అంటించాను. ఫోటోలో మంగాయమ్మగారు తెల్ల చీరలో, నుదుట విభూతితో, నవ్వు ఆపుకుంటున్నట్టున్నారు. చీటీకి ఎదురు పేజీలో మొదటి బొమ్మ. అమ్మమ్మ, ఆవిడ ముందు తట్ట, తట్ట నిండా ఎండుచేపలు. ఇద్దరు ముసలివాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. బాగుందనుకున్నాను.

పుస్తకాలు ఆటోలో వేసుకుని నేనే వెళ్ళాను. బడి ఆవరణలో షామియానా వేశారు. హెడ్మిస్ట్రెస్ పేర్లు పిలుస్తుంటే, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వెంకటరత్నంగారి చేతుల మీదుగా తీసుకుంటున్నారు. మూడో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్ల దుర్గ. జాలరిపేట నుంచి వస్తుంది. పుస్తకం తీసుకుని అక్కడే తెరిచింది. మిగతావాళ్ళలా నమస్కారం పెట్టి దిగిపోలేదు. గేటు అవతల వాళ్ళమ్మ సత్తెమ్మ చేపల తట్ట కింద దించుకుని నిలబడి చూస్తోంది. దుర్గ పుస్తకం రెండు చేతులా పైకెత్తి అటు తిప్పి, "అమ్మా, మన తట్ట" అంది. అందరూ నవ్వారు. వెంకటరత్నంగారు కూడా నవ్వారు. నా ఉద్యోగంలో నేను సంతోషంగా ఉన్న క్షణాలు ఏరితే అదే ముందు వస్తుంది.

ఆ తర్వాత ఆయన భార్య ఒక కాపీ తెరిచారు. చూసి, లేచి వచ్చి భర్తకి చూపించారు.

"ఏంటండి ఇది. అత్తయ్యగారికి ఎదురుగా ఎండుచేపలా?"

ఆయన ముఖం మారిపోయింది. నా దగ్గరికి వచ్చి మెల్లగానే అన్నారు. "నాన్న పోయిన దగ్గర్నించీ మా అమ్మ నీచు ముట్టలేదండి. ఇవాళ ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగలేదు. ఇదేం పనండి?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాను. అది నటన కాదు. అందుకే నేనూ మెత్తగానే మాట్లాడాను. చీటీ తీసి వెనక అట్టకి అంటిస్తానన్నాను. అక్కడ బొమ్మే లేదు, ఉత్త తెల్ల కాగితం. అరగంట పని, పిల్లల్ని కూర్చోబెడితే ఇక్కడే చేసేస్తానన్నాను. ఆయన తల ఊపారు. అక్కడితో అయిపోయేది.

"ఎక్కడ అంటిస్తే ఏంటండి, పుస్తకం అదే కదా" అన్నారావిడ. "అత్తయ్యగారి పేరు మీద జాలరోళ్ళ పుస్తకం పంచారని రేపు ఊళ్ళో అనరా? మన పిల్లలు చదువుకోవాల్సింది ఇదా?"

చేపల గొడవ కాదని అప్పుడర్థమైంది. సీజన్లో పులస కోసం ఎంత పెట్టడానికైనా వెనకాడని ఇళ్ళవి. చేప కావాలి. అది తెచ్చిపెట్టే మనిషి బొమ్మ మాత్రం ఇంట్లో పిల్లల చేతిలో ఉండకూడదు.

వెంకటరత్నంగారు మూర్తిగారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. మా ఓనరు మొత్తం విన్నారు. విని, "ఎంత మాటండి, తప్పు మాదే. అన్నీ వెనక్కి ఇచ్చెయ్యండి. రేపు నీతికథలు పంపిస్తాను" అన్నారు.

నేను ఫోన్ దగ్గరికి వెళ్ళి, "సార్, మీరే చదివారు కదా" అన్నాను.

"చదివాను. తెచ్చెయ్" అన్నారు.

హెడ్మిస్ట్రెస్ వరసలమ్మట నడుస్తూ పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు. పిల్లలు ఇచ్చేశారు. పిల్లలు ఏదైనా ఇచ్చేస్తారు. దుర్గ ఇవ్వలేదు. పుస్తకం పొట్టకి అదుముకుని కూర్చుంది. ఆవిడ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశారు. కొట్టలేదు, తిట్టలేదు, బుజ్జగిస్తూనే ఉన్నారు. "ఇవి మంచి బొమ్మలు కావమ్మా. రేపు మంచి పుస్తకం ఇస్తారు" అన్నారు. నేను పక్కనే ఉండి, ఇవి మంచి బొమ్మలేనండి అన్నాను. నా మాట ఎవరికీ అక్కర్లేదు. గేటు వైపు చూస్తే సత్తెమ్మ అక్కడ లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో రొయ్యల చెరువుల గట్టు మీదుగా వచ్చింది. చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. అవి ఎవరివని డ్రైవర్ని అడిగాను. వెంకటరత్నంగారివేనన్నాడు.

ఆ తర్వాత

చీటీ అంటించిన పుస్తకాలు పబ్లిషరు వెనక్కి తీసుకోడు. అవి గోడౌన్లో మగ్గాయి. వానాకాలంలో చెమ్మ పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ముందు వరసలో ఉన్న కాపీల్ని కూడా మూర్తిగారు కింది అరలోకి మార్పించారు. నేను ఆయనతో దాని గురించి ఒక్కసారే మాట్లాడాను. "షాపు నడవాలి కదమ్మా" అన్నారు. నేల మీద కూర్చుని పిల్లలకి చదివిన మనిషీ, ఈ మనిషీ ఒకరే. ఇద్దరు మనుషులని సర్దిచెప్పుకుందామని చాలా రోజులు ప్రయత్నించాను, కుదరలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి చెబుతున్నాను. పుస్తకం బాగుంటే అదే వెళ్ళి చేరాల్సినచోట చేరుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది చేరకుండా ఆపేవాళ్ళు చెడ్డవాళ్ళే అయ్యుంటారని కూడా అనుకోకండి. మర్యాదస్తులు, తల్లి మీద ప్రేమున్నవాళ్ళు, పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు కలిసి ఆపుతారు. మీరు అక్కడే నిలబడి ఉంటారు, జీతం తీసుకుంటారు.

నేను ఒక కాపీ నా డబ్బుతో కొనుక్కుని, తడిగుడ్డతో అద్ది చీటీ ఊడదీశాను. ఫోటో చిరక్కుండా తీసి విడిగా పెట్టాను. మంగాయమ్మగారు నాకేం అపకారం చేశారు. పుస్తకం కౌంటరు కింద ఉంచాను, ఆ ఊరు వెళ్ళేవాళ్ళెవరైనా దొరికితే దుర్గకి పంపుదామని.

పంపకముందే సత్తెమ్మ వచ్చింది. తమ్ముడికి కంటి ఆపరేషనని రాజమండ్రి పెద్దాసుపత్రికి వచ్చిందట. షాపు పేరు బడిలో ఎవరినో అడిగి గుర్తుపెట్టుకుని, దారి అడుక్కుంటూ వచ్చింది. తట్ట లేకుండా, ఉతికిన చీరలో ఉంటే ముందు పోల్చుకోలేదు. చెప్పులు గుమ్మం బయట వదిలింది. వద్దన్నా వినలేదు.

"మా పిల్లకేదన్నా పుత్తకం ఇవ్వండమ్మా. బాగా చదువుతాదండి" అంది.

నాకెంత సంబరమైందో. కౌంటరు కింద నుంచి ఆ పుస్తకం తీసి, మొదటి బొమ్మ దగ్గర తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను. సత్తెమ్మ చాలాసేపు చూసింది. తట్ట అంచు మీద వేలు పెట్టి, "మాయమ్మ తట్ట ఇలాగే ఉండేదండి" అంది. పేజీలు తిప్పింది. బస్సు దగ్గర ఆగింది. అక్కడ చిన్నగా నవ్వింది కూడా. తర్వాత మూసి, కౌంటరు మీద పెట్టి, నా వైపు జరిపింది.

"ఇది వద్దండి."

"ఎందుకు? ఇది దుర్గ కోసమే దాచాను. డబ్బులేం వద్దు."

"డబ్బులికి కాదండి. అది ఇప్పుడు నన్ను బడి కాడికి రావద్దంటందండి. తట్టతో వత్తే నన్నెరగనట్టే ఎల్లిపోతాది. మనయి మంచి బొమ్మలు కాదంట కదమ్మా అంటాది. ఇది చూత్తే మళ్ళీ ఏడుత్తాదండి."

అవి మంచి బొమ్మలేనని, నేను చదివానని, మా ఓనరు కూడా చదివారని, ఏం చెప్పినా ఆ పిల్ల దాకా వెళ్ళే దారి లేదు. సత్తెమ్మ అరలన్నీ ఒకసారి కలియజూసింది. నన్ను నొప్పించానేమోనని అనుకున్నట్టుంది, గొంతు తగ్గించి మర్యాదగా అడిగింది.

"మేం లేని పుత్తకం ఏదన్నా ఉంటే ఇవ్వండమ్మా."

ఎవరేం అడిగినా నాలుగు ప్రశ్నలు వేసి, నిచ్చెనెక్కి, పై అరలన్నీ వెతికి ఇచ్చినదాన్ని. ఆ రోజు ఏమీ అడగలేదు. ఉన్నచోటు నుంచి కదలకుండా చెయ్యి చాపి, అందిన పుస్తకం తీసి ఇచ్చాను. చూడాల్సిన పని లేదు. షాపులో ఏది తీసినా సరిపోయేదే.